కఖేతి పాతరలు, మేడ్చల్ పందిళ్లు

అక్టోబరు వచ్చిందంటే మా ఇంట్లో కత్తెరలకు సాన పట్టించే రోజులు వచ్చినట్టే. హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష పెంచిన ప్రతి ఇంటికీ ఇది తెలిసిన లెక్కే. మన నేలలో ద్రాక్ష తీగకు చలికాలపు నిద్ర లేదు గనుక ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ బలం కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. అటువంటిది, నిరుడు అక్టోబరు మొదటి వారంలో, జార్జియా దేశపు తూర్పు ప్రాంతమైన కఖేతిలో ఒక తోటలో నిలబడి, నిండుగా పండిన గుత్తులను కోసి బుట్టలో వేస్తూ ఉంటే, చిన్నప్పటి నుంచి ఆ నెలలో మోడుబారిన తీగలనే చూసిన నా కళ్లకు ఆ దృశ్యం ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు.

మా అబ్బాయి టిబిలిసిలో వైద్యవిద్య చదువుతున్నాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఆ నగరానికి చదువు కోసం వెళ్లిన పిల్లలు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ పేరు మన ఇళ్లలో ఇప్పుడు కొత్తది కాదు. వాడు అద్దెకు ఉంటున్న ఇంటి యజమానురాలిని బెబియా అని పిలుస్తాడు. జార్జియన్ భాషలో ఆ మాటకు అమ్మమ్మ అని, నానమ్మ అని అర్థం. ఆమె పుట్టిల్లు తెలావి పట్టణానికి దగ్గరలో ఉన్న ఒక పల్లె. అక్కడ ఆమె అన్నగారి కుటుంబం తాతల నాటి తోటను సాగు చేస్తూ, ఇంటి వెనక నేలలో పాతిన మట్టి పాత్రల్లో వైన్ తయారు చేస్తుంది. నేను ద్రాక్ష రైతు కూతురినని మా అబ్బాయి ఎప్పుడో చెప్పి ఉంటాడు. కోత సమయానికి నేను అక్కడికి చేరగానే ఆమె నన్ను వెంటబెట్టుకుని, గొంబోరి కనుమ మీదుగా, తన ఊరికి తీసుకువెళ్లింది. కనుమ దిగగానే అలజాని నది లోయ, దాని అవతల కాకసస్ పర్వతాల వరుస, నడుమ కనుచూపు మేర ద్రాక్ష. ఆ దేశపు ద్రాక్షలో అధిక భాగం ఈ ఒక్క ప్రాంతంలోనే పండుతుంది.

వాళ్ల తోట అర హెక్టారు, అంటే మన లెక్కలో ఎకరం పావు. మన దగ్గర ద్రాక్ష అంటే తలపైన పందిరి. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు అల్లి, ఆకుల కింద నీడలో గుత్తులు వేలాడేటట్టు పెంచుతాం. అక్కడ తీగ నడుమెత్తులో, వరుసలు వరుసలుగా, ఎండకు ఎదురుగా ఉంటుంది. కోయాలంటే చేతులు పైకెత్తనక్కరలేదు, నడుము వంచాలి. రెండు రకాలే ఉన్నాయి. తెల్లద్రాక్ష ర్కాత్సితేలి, ఆ పేరుకు ఎర్ర కాడ అని అర్థమని బెబియా చెప్పినప్పుడు గుత్తి తిప్పి చూశాను, పండిన గుత్తి కాడ నిజంగానే లేత ఇటుక రంగులో ఉంది. నల్లద్రాక్ష సాపెరావి, దాని పేరులోనే అద్దకం ఉంది. సాధారణంగా నల్లద్రాక్షను చీలిస్తే లోపలి కండ తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కలో ఉంటుంది. సాపెరావి కండ కూడా ఎర్రనిదే. ఒక గంట కోసేసరికి నా వేళ్లకు పట్టిన ఊదారంగు హైదరాబాదు చేరేదాకా గోళ్ల అంచుల్లో మిగిలే ఉంది.

ఆ ఇంటి పెద్దాయనను, అంటే బెబియా అన్నగారిని, అందరూ బాబువా, అంటే తాత, అని పిలుస్తారు. ఆయన దగ్గర తీపి కొలిచే గాజు పరికరం ఉంది. అయినా కోతకు ముందు ఆయన చేసే పరీక్ష వేరు. నాలుగైదు వరుసల నుంచి ఒక్కొక్క పండు తుంచి, రసం మింగి, గింజను పళ్ల మధ్య కొరుకుతాడు. గింజ పచ్చిగా, మెత్తగా ఉంటే ఆగాలి. గోధుమరంగుకు తిరిగి, వేయించిన పప్పులా పటుక్కుమంటే కోయవచ్చు. తొక్కలూ గింజలూ కాడలూ అన్నీ రసంతోపాటు నెలల తరబడి ఉండబోతున్నాయి గనుక పచ్చి గింజ ఉంటే వైన్‌లో చేదు దిగుతుందట. మన తినే ద్రాక్షకు ఈ బాధ లేదు. పండు పచ్చదనం పోయి తేనెరంగు తిరిగితే చాలు. ఒకే పంటను రెండు పనుల కోసం పెంచేవారు ఆ పండులో వేర్వేరు భాగాలను చూస్తారన్న సంగతి నాకు ఆయన ఉమ్మిన గింజను చూశాకే తెలిసింది.

కోతను ర్త్వేలి అంటారు. చుట్టుపక్కల ఇళ్లవారు, టిబిలిసిలో ఉద్యోగాలు చేసుకునే బంధువులు, పిల్లలు, అందరూ వచ్చారు. మన పల్లెల్లో ఒకరి నాట్లకు ఒకరు బదులు వెళ్లినట్టు, ఈ వారం వీరి తోట అయితే వచ్చే వారం పొరుగువారి తోట. రెండు రోజుల్లో మూడున్నర టన్నుల దాకా వచ్చింది. ప్లాస్టిక్ ట్రేలే ఎక్కువగా వాడినా, వీపుకు తగిలించుకునే పాత అల్లిక బుట్ట ఒకటి, గొదోరి అంటారు దానిని, బాబువా మాత్రం వదలలేదు.

వైన్ తయారయ్యే గదిని మరాని అంటారు. లోపలికి అడుగు పెట్టినప్పుడు ముందుగా ఏమీ కనిపించలేదు. రాతి గోడలు, మట్టి నేల, నేలలో అక్కడక్కడా గుండ్రని మూతులు. మా నానమ్మ జొన్నలు పోసిన పాతర నాకు తెలుసు. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టి కప్పి, ఆరు నెలల తరవాత తవ్వి తీసేవారు. ఇక్కడ ఆ పాతరలో ఒక కుండ ఉంది. క్వెవ్రి అని దాని పేరు. కోడిగుడ్డు ఆకారంలో, అడుగున మొనదేలి, మెడ దాకా భూమిలో పాతి ఉంటుంది. చిన్నవి ఇరవై ముప్పై లీటర్లవి ఉంటాయి, పెద్దవి కొన్ని వేల లీటర్లు పడతాయి. వీళ్ల మరానిలో ఆరు ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది వెయ్యి లీటర్లు పైబడినది, అన్నింటికంటే చిన్నది నా మోకాలెత్తు బిందెకంటే కొంచెం పెద్దది.

గోడ వారన ఒక చెట్టు మొదలును పడవలా తొలిచిన తొట్టి ఉంది. సత్స్నఖేలి అంటారు దానిని. కడిగిన కాళ్లతో అందులో దిగి గుత్తులను తొక్కుతారు. కాలికింద గింజ నలగదు, తొక్క చిట్లి రసం వస్తుంది. యంత్రంలో వేస్తే గింజ కూడా చితికి చేదు దిగవచ్చు. రసం ఒక రంధ్రం గుండా క్వెవ్రిలోకి కారుతుంది. ఆ తరవాత తొట్టిలో మిగిలిన తొక్కలు, గింజలు, కాడలు, వీటన్నింటినీ కలిపి చాచా అంటారు, వాటిని కూడా పారతో ఎత్తి అందులోనే వేస్తారు. తెల్లద్రాక్షను ఐరోపా పద్ధతిలో వైన్ చేసేవారు రసాన్ని పిండి తొక్కను తీసేస్తారు. కఖేతి పద్ధతిలో తెల్లద్రాక్షను కూడా తొక్కతో, కాడతో, గింజతో సహా నెలల తరబడి ఉంచుతారు. ఆ వైన్‌కు వచ్చే ముదురు తేనెరంగు, నాలుకను పట్టే వగరు ఈ ఒక్క పని వల్లనే. పశ్చిమ జార్జియాలోని ఇమెరెతిలో చాచాను కొంత భాగమే వేస్తారు, తక్కువ కాలం ఉంచుతారు. అక్కడి వైన్ తేలికగా, పలచగా ఉంటుంది.

క్వెవ్రిని అంచు దాకా నింపరు. అయిదో వంతు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ ఎందుకో మూడో రోజుకు అర్థమైంది. ఈస్ట్ అంటూ ఎవరూ ఏమీ వేయలేదు. పండు తొక్క మీద, ఆ గది గాలిలో ఉన్నదే చాలు. తాటిచెట్టు మీద గౌడులు కట్టిన లొట్టిలోకి కారిన నీరా ఎవరి ప్రమేయమూ లేకుండా కల్లుగా మారే తీరు తెలిసినవాళ్లం గనుక ఈ మాట మనకు వింతగా తోచదు. ఐరోపా అమెరికాల నుంచి వచ్చే వైన్ తయారీదారులకు మాత్రం ఇదే అన్నింటికంటే ఆశ్చర్యమట. పులియడం మొదలైనాక తొక్కలన్నీ పైకి తేలి మందపాటి అట్ట కట్టాయి. ఆ అట్ట ఎండితే పుల్లబడుతుంది కాబట్టి పొడవాటి కర్రతో దానిని కిందికి నొక్కి తడపాలి. రోజుకు నాలుగైదు సార్లు, రాత్రి కూడా. ఒక రాత్రి నేను కూడా బెబియాతో వెళ్లాను. టార్చి వెలుతురులో మూతి దగ్గర వంగితే, మరిగే గంజి చప్పుడు ఎక్కడో లోతున వినిపించింది. అంచు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. "మూతి మీదికి ముఖం పెట్టకమ్మా, పైకి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, కళ్లు తిరుగుతాయి" అని మా అబ్బాయి నన్ను వెనక్కి లాగాడు. కర్ర దింపినప్పుడు అట్ట చీలి, దాని కింద నుంచి నురుగు బుసబుసమని పైకి వచ్చింది.

రసం పులిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి హద్దు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది, మంచి వాసన పోతుంది. పెద్ద కర్మాగారాల్లో ఉక్కు ట్యాంకుల చుట్టూ చల్లని నీరు తిప్పి ఈ వేడిని అణచుతారు. ఇక్కడ ఆ పని భూమి చేస్తుంది. కుండ చుట్టూ ఉన్న మట్టి వేసవిలోనూ చలికాలంలోనూ దాదాపు ఒకే చల్లదనంతో ఉండి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. రెండు మూడు వారాలకు పొంగు అణిగి, చాచా తనంతట తాను అడుక్కు దిగుతుంది. గుడ్డు ఆకారం ఎందుకు అవసరమో అప్పుడు తెలుస్తుంది. బరువైన గింజలు అన్నింటికంటే ముందు మొనలోకి జారుతాయి, వాటి మీద ఈస్ట్ మడ్డి, ఆ పైన కాడలు, తొక్కలు పేరుకుంటాయి. చేదు దిగే గింజకు వైన్‌తో తాకిడి తగ్గిపోతుంది. వడపోత గుడ్డ గానీ, తేర్చే మందు గానీ లేకుండానే పైనున్నది తేటపడుతుంది. తరవాత మూతి మీద రాతి పలక పెట్టి, చుట్టూ తడి బంకమట్టి మెత్తి, మార్చి ఏప్రిల్ నెలల దాకా ఎవరూ దాని జోలికి పోరు.

ఇంతవరకు చెప్పినది ఎవరైనా చెప్పగలరు. నన్ను అక్కడ నిలబెట్టినది వేరొక పని, కుండను కడిగే పని. మేము వెళ్లిన మరునాడు ఖాళీగా ఉన్న వెయ్యి లీటర్ల క్వెవ్రిని కోతకు సిద్ధం చేశారు. ముందుగా దారానికి కట్టిన కొవ్వొత్తిని లోపలికి దింపారు. మా ఊళ్లో పాడుబడిన బావిలో దిగేముందు దీపం దింపేవారు. అదే పరీక్ష, అదే భయం. కొవ్వొత్తి అడుగు దాకా ఆరకుండా వెలిగిన తరవాత, ఇరవై ఏళ్ల మనవడు చొక్కా విప్పి, రెండు చేతులు పైకెత్తి, భుజాలు ముడుచుకుని ఆ ఇరుకు మూతిలోంచి దిగాడు. పైనుంచి వేడినీళ్లు, బూడిద అందించారు. వాడు లోపల తోమడానికి వాడిన పరికరం పేరు సార్త్స్‌ఖి. చెర్రీ చెట్టు బెరడు ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి కర్రకు కట్టినది. ఆ బెరడు మట్టి గోడను గీరకుండా మురికిని మాత్రం లాగుతుంది. ఇనుప పీచు ఎందుకు వాడరని అడిగితే, గోడకు పట్టించిన తేనెమైనం లేచిపోతుందని బాబువా చెప్పాడు. ఒక విడత కడిగిన నీళ్లు తోడి పోశారు, మళ్లీ కడిగారు, మళ్లీ తోడారు. చివరి విడత నీళ్లను బాబువా గ్లాసులోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు, వాసన చూశాడు, ఆ తరవాత నా కళ్ల ముందే తాగాడు. తాగదగిన నీరు వచ్చేదాకా కుండ శుభ్రమైనట్టు కాదు. ఆఖరున గంధకం వెలిగించి పొగ పెట్టారు. అంతా కలిపి ఒక్క కుండకు సగం రోజు పట్టింది.

ఆ శ్రద్ధ వెనక ఒక నష్టం కూడా ఉంది. అంతకుముందు ఏడాది శీతకాలంలో ఇంట్లో ఒకరికి జబ్బు చేసి అందరూ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నప్పుడు, ఒక క్వెవ్రి మూత చుట్టూ మెత్తిన మట్టిని తడపడం మరిచిపోయారు. మట్టి ఎండి వెంట్రుకవాసి పగులు ఇచ్చింది. వసంతంలో మూత తీసేసరికి నాలుగు వందల లీటర్లు వెనిగర్ వాసన కొట్టింది. అందులో కొంత ఊరగాయలకు వాడుకుని మిగిలినది పారబోశారట. ఆ సంగతి చెబుతున్నప్పుడు బెబియా గొంతు తగ్గించింది, అన్నగారికి వినిపిస్తే మళ్లీ బాధపడతాడని. ఆవకాయ జాడీకి బూజు పట్టిన ఏడాదిని మన ఇళ్లలో ఎవరూ మరిచిపోరు, ఎవరూ పైకి చెప్పుకోరు కూడా.

క్వెవ్రి తయారు చేసే కుమ్మరులు ఇప్పుడు కొద్దిమందే. తెలావి దగ్గరే వర్దిసుబాని అనే ఊళ్లో ఈ పని ఉంది, పశ్చిమాన ష్రోషా, మకాతుబాని ఊళ్లలో ఉంది. మనిషికంటే ఎత్తైన కుండను సారె మీద చేయలేరు. మట్టిని లావుపాటి తాడులా పేని, అడుగు మొన నుంచి వరుస మీద వరుస పెంచుకుంటూ పోతారు. జానెడు ఎత్తు లేచాక ఆపి ఆరనివ్వాలి; తొందరపడితే కింది వరుస పై బరువుకు కుంగిపోతుంది. ఇలా వారాల తరబడి పెంచి, ఆరబెట్టి, గది అంత ఆవంలో పెట్టి, వాకిలి ఇటుకలతో మూసి, కట్టెలతో రోజుల తరబడి కాలుస్తారు. ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే లోపలి గోడకు తేనెమైనం పట్టిస్తే అది సూక్ష్మరంధ్రాల్లోకి ఇంకుతుంది. బయటికి సున్నం పూస్తారు. ఒకసారి సరిగ్గా పాతిన కుండ రెండు మూడు తరాలు నిలుస్తుంది. అదే కుమ్మరికి కష్టం కూడా, ఒకే ఇంటివారు మళ్లీ అడగడానికి వందేళ్లు పడుతుంది.

ఈ పద్ధతి వయసు గురించి ఆ దేశంలో ప్రతి దుకాణం గోడ మీద ఎనిమిది వేల సంవత్సరాలు అన్న మాట కనిపిస్తుంది. టిబిలిసికి దక్షిణంగా గదాచ్రిలి గోరా, షులావెరిస్ గోరా అనే చోట్ల దొరికిన కుండపెంకుల్లో ద్రాక్షకు గుర్తైన టార్టారిక్ ఆమ్లం ఆనవాళ్లు ఉన్నాయని, అవి క్రీస్తుపూర్వం 6000 ప్రాంతం నాటివని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2013లో, క్వెవ్రి పద్ధతిని యునెస్కో మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే నాకు ఆ ఎనిమిది వేల ఏళ్లకంటే ఇటీవలి వందేళ్ల చరిత్రే ఎక్కువ ఆలోచింపజేసింది. సోవియట్ కాలంలో తోటలు సామూహిక క్షేత్రాలయ్యాయి, వైన్ ప్రభుత్వ కర్మాగారాలకు వెళ్లింది. ఆ దేశంలో అయిదు వందలకు పైగా ద్రాక్ష రకాలకు పేర్లున్నా, ఎక్కువ దిగుబడి ఇచ్చే కొన్నింటినే విరివిగా నాటించారు. 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో తోటలకు తోటలే పెకలించారు. 2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతిని నిషేధించింది. అప్పటిదాకా అదే వారి ప్రధానమైన బజారు. ఆ నిషేధం 2013 దాకా తొలగలేదు.

ఇన్ని దెబ్బలు తిన్న తరవాత కూడా క్వెవ్రి ఎక్కడ మిగిలింది అని అడిగితే, ఇళ్లలో మిగిలింది. కర్మాగారం ఎలా చేసినా, ఇంటి పెరట్లో ఉన్న నాలుగు వరుసల తీగల నుంచి ఇంటికి సరిపడా వైన్ మాత్రం ప్రతి కుటుంబమూ తన తాత చేసినట్టే చేసుకుంది. పెళ్లికి కావాలి, చావుకు కావాలి, చర్చికి కావాలి. చర్చి కోసం పక్కన పెట్టే కుండకు జెదాషే అని ప్రత్యేకంగా పేరే ఉంది. అమ్మకానికి చేసిన వైన్ ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది, తమ పీట ముందుకు వచ్చేదానిని మాత్రం ఎవరూ మారనివ్వలేదు. బాబువా తండ్రి సామూహిక క్షేత్రంలో జీతానికి పనిచేస్తూనే, రాత్రిపూట ఇంటి వెనక ఒక్క క్వెవ్రిని నడిపాడట. కడిగే నీళ్లు తాగి చూడడం బాబువాకు నేర్పినది ఆయనే.

ఈ మాట విన్నప్పుడు నాకు మా మేడ్చల్ తోట గుర్తుకు రావడం సహజమే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదులో ప్రవేశపెట్టిన అనాబ్-ఎ-షాహీ రకం, తరవాతి కాలంలో మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. మాకు మూడు ఎకరాలు ఉండేది. ఫిబ్రవరి చివర నుంచి తెల్లవారుజామున గుత్తులు కోసి, చెక్క పెట్టెల్లో కాగితపు ముక్కలు పరిచి పేర్చి, కొత్తపేట పండ్ల మార్కెట్టుకు పంపేవాళ్లం. మంచి గుత్తి ఎప్పుడూ పెట్టెలోకే పోయేది. రాలిన పళ్లు, పగిలిన పళ్లు ఇంటికి వచ్చేవి. ఆ తోటతో మా ఇంటికి ఉన్న సంబంధమంతా మార్కెట్టు ధరతోనే. వరుసగా రెండేళ్లు బూజు తెగులు వచ్చింది, బోర్లు ఎండాయి, భూమి ధర పంట ధరను వెక్కిరించే స్థితికి చేరింది. 2004లో నాన్న తోట అమ్మేశారు. కడీలు పీకి ప్లాట్లకు హద్దురాళ్లుగా పాతారు. నేను నాన్నను తప్పుపట్టడం లేదు, ఆ నీళ్లతో, ఆ అప్పులతో ఎవరైనా అదే చేసేవారు. కానీ పంటతో ఇంట్లో చేసుకునే పని ఒక్కటైనా ఉండి ఉంటే, పెరట్లో నాలుగు తీగలు మిగిల్చుకుని ఉండేవాళ్లమేమో అని ఆ మరానిలో కూర్చుని చాలాసేపు అనుకున్నాను. మిగిలినది ఒక్క తీగ. మా ఇంటి ప్రహరీ పక్కన, నాలుగు కడీల మీద.

ఇప్పుడు క్వెవ్రికి మంచి రోజులు వచ్చాయి. ఇటలీలో ఒస్లావియా ఊరి వైన్ తయారీదారు యోష్కో గ్రావ్నర్ 2001 నుంచి జార్జియా కుండలను తెప్పించుకుని నేలలో పాతి వైన్ చేయడం మొదలుపెట్టాక పాశ్చాత్య దేశాల చూపు ఇటు తిరిగింది. కఖేతిలో చిన్న కుటుంబాలు తమ ఇంటి పేరుతో సీసాలు అమ్ముతున్నాయి. బాబువా మనవడు కూడా చీటీ మీద బొమ్మ గీయించే పనిలో ఉన్నాడు. అది మంచిదే, కుర్రవాడు ఊళ్లో నిలబడడానికి కారణం కావాలి. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. దారిలో ఒకటి రెండు చోట్ల సందర్శకుల కోసం నేల మీద ఖాళీ క్వెవ్రిలను బొమ్మల్లా నిలబెట్టి, వెనక ఉక్కు ట్యాంకుల్లో చేసిన వైన్‌ను పోస్తున్నారు. భూమిలో లేని క్వెవ్రి ఉత్త కుండ.

కోత ముగిసిన రాత్రి పెద్ద బల్ల వేశారు. కుండలో ఉడికిన చిక్కుడు గింజలు, అక్రోటు ముద్ద కూరిన వంకాయలు, తందూరు లాంటి పొయ్యి గోడకు కొట్టి కాల్చిన రొట్టెలు. బాబువాయే తమదా, అంటే బల్ల పెద్ద. ఆయన ఎవరినైనా తలుచుకుంటూ ఒక మాట చెప్పి గౌమర్జోస్, అంటే జయం కలగాలి, అన్న తరవాతే ఎవరైనా గ్లాసు ఎత్తాలి. మూడో నాలుగో మాట పోయినవారి కోసం, ఆ తోట నాటిన చేతుల కోసం. మా అబ్బాయి దానిని తెలుగులో నాకు చెప్పినప్పుడు, నేను కూడా మా తాతను తలుచుకున్నాను. నేను జీవితంలో మద్యం ముట్టిన మనిషిని కాను. ఆ ఒక్క మాటకు మాత్రం ఒక గుక్క తీసుకున్నాను. చిక్కటి టీ డికాషన్ వగరు ముందుగా తగిలింది, ఆ వెనక ఎండు ఖుబానీ వాసన, చాలాసేపటికి అక్రోటు పొట్టు లాంటి రుచి. తీపి లేదు. గ్లాసును బెబియాకు ఇచ్చేశాను. ఆమె నా చేతిని కాసేపు పట్టుకుని ఉంది.

ఏప్రిల్‌లో మూత తీసిన రోజున మా అబ్బాయి వీడియో కాల్ చేశాడు. ఎండిన బంకమట్టిని పారతో గీకి, పలక పక్కకు జరిపి, పొడవాటి కర్ర చివర ఎండు సొరకాయ బుర్ర కట్టిన ఒర్షిమోతో బాబువా మొదటి ముంత తోడాడు. అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు. ఆయన ఏమీ మాట్లాడకుండా బుర్రను మనవడి చేతికి ఇచ్చాడు. బాగుందన్నమాట.

నాన్న నా భుజం మీదుగా ఫోనులోకి చూస్తున్నారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. వైన్ సంగతి ఆయన అడగలేదు. "కొమ్మకు ఎన్ని కన్నులు ఇడుస్తరో అడుగు బిడ్డా" అన్నారు. కన్ను అంటే కొమ్మ మీద చిగురు వచ్చే మొగ్గ. మా అబ్బాయి అడిగి చెప్పాడు. కాయ కొమ్మకు ఎనిమిది నుంచి పది, దాని పక్కనే వచ్చే ఏటి కోసం రెండు కన్నుల చిన్న ముక్క. "గన్ని ఇడిస్తే మన తీగకు గుత్తులు సన్నబడ్తయి తాతా అంటున్నావు గదా ఎప్పుడూ" అన్నాడు వాడు. "వాళ్లది చలి దేశం. తీగ నాలుగు నెలలు పండుకుంటది" అని నాన్న జవాబు చెప్పి, కాసేపు ఆలోచించి, ఆ పక్కన వదిలే రెండు కన్నుల ముక్కను దగ్గరగా చూపించమన్నారు. బాబువా మనవడు ఫోను పట్టుకుని తోటలోకి నడిచాడు. అప్పుడే చిగురు వేస్తున్న ఆ ముక్కను నాన్న కళ్లజోడు సర్దుకుని చూశారు. సాయంత్రం చల్లబడ్డాక మా ప్రహరీ పక్కన ఏప్రిల్ కత్తిరింపు మొదలుపెట్టినప్పుడు, ఒక కొమ్మ మొదట్లో రెండు కన్నులు లెక్కపెట్టి, అక్కడ ఆపి, ఎర్రదారం ముక్క కట్టారు.